కొండ మీద ఒక ఊపు, లంకలో ఒక ఊపు

విజయవాడలో ఇంద్రకీలాద్రి మెట్ల మీద నిలబడితే కాలి కింద ఉన్నది రాయి. అక్కణ్ణుంచి కృష్ణలంకకు దిగితే కాలి కింద నది తెచ్చి పోసిన ఇసుక, ఒండ్రు. రెండింటికీ మధ్య దూరం నడిచిపోయేంత. భూకంపాల లెక్కలో మాత్రం రెండూ ఒకటే. దేశపు భూకంప పటంలో ఊరు ఊరంతా మూడో జోన్. ఈ ఒక్క అంకె సరిపోతుందా, లేక పేట పేటకీ నేల ఎలా ఊగుతుందో విడిగా పటం గీయాలా అన్నదాని మీద ఇద్దరు వాదించుకున్నారు. ఒకాయన ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా అపార్ట్‌మెంట్లు కడుతున్న సివిల్ ఇంజనీరు. రెండో ఆమె ఆయన అన్నగారి కూతురు. నేల పరీక్షలే ఆమె వృత్తి.

నేను ఎవరి పక్షమో దాచను. పటం కావాలి, త్వరగా కావాలి అన్నదే నా అభిప్రాయం. కానీ బాబాయి అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని పటం గీసేవాళ్లు తప్పించుకు పోలేరు. అందుకే ఆయన మాటల్లో పదును తగ్గించకుండా రాస్తున్నాను.

బాబాయి: చూడమ్మా, నాకు తెలిసి ఈ ఊళ్లో భూకంపానికి పడిపోయిన బిల్డింగు లేదు. 1967లో ఒంగోలు దగ్గర వచ్చింది. 1969లో భద్రాచలం దగ్గర వచ్చింది. మొన్న 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 వచ్చింది. పొద్దున్నే మా పైఅంతస్తుల వాళ్లు కంగారుగా కిందికి దిగి, కాసేపు నిలబడి, మళ్లీ పైకెళ్లి కాఫీలు పెట్టుకున్నారు. ఈ మాత్రానికి వీధి వీధికీ పటమా? అదే ఏడు సెప్టెంబర్‌లో సింగ్ నగర్ మునిగింది. డబ్బుంటే ముందు బుడమేరుకి పెట్టండి.

అమ్మాయి: బుడమేరుకి పెట్టాల్సిందే, కాదనను. కానీ మీరు చెప్పిన దాంట్లోనే ఒక సంగతి ఉంది బాబాయ్. కిందికి దిగింది పైఅంతస్తుల వాళ్లు అన్నారు. ములుగు ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల దూరం. అంత దూరం నుంచి వచ్చేసరికి గబగబా కొట్టే చిన్న ఊపులు దారిలోనే చచ్చిపోతాయి. నెమ్మదిగా, పొడుగ్గా సాగే ఊపులు మాత్రం మిగులుతాయి. మెత్తటి నేలకీ, ఎత్తు బిల్డింగుకీ పడనివి సరిగ్గా అవే. భూకంపం మన కిందే రావాలని లేదు. ఎక్కడో వచ్చినదాన్ని మన నేల పెంచితే చాలు.

బాబాయి: నేల పెంచుతుందా? నేలకెక్కడిదమ్మా అంత బలం?

అమ్మాయి: బలం లేకపోవడం వల్లే. గట్టి రాతిలో తరంగం సెకనుకు వెయ్యి మీటర్ల పైన పోతుంది. మెత్తటి బంకమట్టిలోకి రాగానే వందా, నూట యాభైకి పడిపోతుంది. వేగం తగ్గితే మోసుకొచ్చిన శక్తి ఎటూ పోదు కదా, ఊపు వెడల్పు పెరుగుతుంది. పైగా కింద రాయి, పైన గాలి. ఆ రెండింటి మధ్య పొరలో తరంగం పైకీ కిందికీ కొట్టుకుంటూ ఇరుక్కుపోతుంది. మీరు చూసే ఉంటారు, కావడి మోసేవాడి అడుగూ బద్ద వంగే లయా కలిస్తే బిందెల్లో నీళ్లు ఎగిరి పడతాయి. అడుగు మారిస్తే సర్దుకుంటాయి. బరువు అదే, బద్ద అదే. లయ కలవడమే తేడా.

బాబాయి: పుస్తకాల్లో బాగుంది. నిజంగా జరిగింది చెప్పు.

అమ్మాయి: మెక్సికో నగరం. 1985 సెప్టెంబర్ 19. భూకంపం వచ్చింది పసిఫిక్ తీరంలో, నగరానికి 350 కిలోమీటర్లకు పైన. తీవ్రత 8.0. నగరంలో యూనివర్సిటీ ఉన్నది పాత లావా రాతి మీద. అక్కడి యంత్రంలో నమోదైన ఊపు గురుత్వాకర్షణలో మూడు, నాలుగు శాతం. అదే నగరంలో, సరస్సు పూడిక మీద ఉన్న ప్రభుత్వ కార్యాలయం దగ్గర యంత్రంలో 17 శాతం. ఒకే నగరం, ఒకే భూకంపం, ఒకే పొద్దు. నాలుగైదు రెట్లు తేడా. లయ కలిసిన చోట లెక్క తీస్తే అంతకన్నా ఎక్కువ. వేల మంది పోయారు. పోయినవాళ్లలో చాలామంది ఆ సరస్సు మీద ఉన్నవాళ్లే.

ఇక్కడ ఆ సరస్సు గురించి నేనొక మాట చేర్చాలి. ఆజ్టెక్‌లు తమ రాజధానిని టెక్స్‌కోకో సరస్సు మధ్య లంక మీద కట్టుకున్నారు. తర్వాత వచ్చిన స్పెయిన్ వాళ్లు సరస్సును ఎండగట్టి నగరాన్ని దాని మీదికి పరిచారు. అడుగున మిగిలిన బంకమట్టిలో, ఎండు మట్టి బరువుకు రెండు మూడు రెట్ల నీళ్లున్నాయి. చేత్తో నొక్కితే వేళ్ల అచ్చు పడే మట్టి. అలాంటి దాని మీద లక్షల మంది బతుకుతున్నారు.

బాబాయి: అంత బంకమట్టి మనకెక్కడుంది? కృష్ణ ఒండ్రూ, ఆ సరస్సు బురదా ఒకటేనా?

అమ్మాయి: ఒకటి కాదు. మన నేల దానికన్నా చాలా గట్టిది. నేను చెప్పేది మెక్సికో మనకి వస్తుందని కాదు, లెక్క వేసే పద్ధతి మనకీ వర్తిస్తుందని. ఆ లెక్క మీరు సైట్‌లో నిలబడి నోటితో వేసుకోవచ్చు. మెత్తటి పొర లోతును నాలుగుతో గుణించి, తరంగ వేగంతో భాగించండి. మెక్సికోలో లోతు సుమారు 40 మీటర్లు, వేగం సెకనుకు 80 మీటర్లు. 160 బై 80, రెండు సెకన్లు. ఆ నేల రెండు సెకన్లకోసారి ఊగుతానంటుంది. ఇక బిల్డింగు లయ, మోటు లెక్కలో అంతస్తుకు సెకనులో పదో వంతు. పది, పన్నెండు అంతస్తులది ఒక సెకను పైన మొదలవుతుంది. పగుళ్లు పడేకొద్దీ బిల్డింగు మెత్తబడుతుంది, లయ సాగుతుంది, రెండు సెకన్ల వైపు జరుగుతుంది. 1985లో బాగా దెబ్బతిన్నవి ఆరు నుంచి పదిహేను అంతస్తులవి. వాటి పక్కనే రెండంతస్తుల పాత ఇళ్లు చాలావరకు నిలబడ్డాయి. 44 అంతస్తుల లాటినో అమెరికానా టవరూ నిలబడింది. అది 1956లో పూర్తయింది, దాని కింద మట్టిని పొర పొరా చదివి కట్టారు. 1957 భూకంపాన్నీ తట్టుకుంది, 1985నీ తట్టుకుంది.

బాబాయి: ఆగాగు. నువ్వే నాకు ఆయుధం ఇచ్చావు. 1957లో భూకంపం వచ్చాక వాళ్లు మట్టి పటం గీయలేదా?

అమ్మాయి: గీశారు. మార్సాల్, మజారి అని ఇద్దరు ఇంజనీర్లు 1959లో నగరం కింద మట్టి మీద పెద్ద పుస్తకమే వేశారు. కొండవార, మధ్యస్థం, సరస్సు అని మూడు మండలాలు నిబంధనల్లోకి కూడా వచ్చాయి.

బాబాయి: మరి పటం ఉండగానే 1985లో కూలాయిగా!

అమ్మాయి: కూలాయి. ఎందుకంటే సరస్సు మండలంలో బిల్డింగును ఎంత బలానికి లెక్కకట్టాలి అన్న అంకె తక్కువ వేశారు. భూకంపానికి ముందు ఆ గుణకం 0.24. తర్వాత 0.40కి పెంచారు. మట్టి ఎక్కడ మెత్తగా ఉందో వాళ్లకి తెలుసు, అంత పెద్ద భూకంపంలో అది ఎంతగా ఊపుతుందో అప్పటికి కొలిచిన రికార్డు లేదు. పటం అంటే మట్టి రంగులు కాదు బాబాయ్, దాని వెనక ఊపు అంకె. అది లేని పటం గోడకి తగిలించుకునే క్యాలెండరే.

బాబాయి: సరే. అంకె కూడా దొరికింది. మరి 2017?

ఈ ప్రశ్న ఆయన అడుగుతాడని నేను అనుకోలేదు. కట్టేవాళ్లు చదవరని అనుకునేవాళ్లలో నేను లేను కానీ, ఇంత సూటిగా వస్తుందనీ అనుకోలేదు. 2017లో, అదే సెప్టెంబర్ 19న, మెక్సికో నగరానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో 7.1 తీవ్రతతో మరో భూకంపం వచ్చింది. ఈసారి ఎక్కువ దెబ్బ సరస్సు నడిమధ్యలో కాదు, పడమటి అంచు పేటల్లో పడింది. పటాన్ని నమ్మి నడిమధ్య జాగ్రత్తపడి, అంచున ఊపిరి పీల్చుకున్నవాడి సంగతేమిటి అన్నది ఆయన వాదన.

అమ్మాయి: మంచి ప్రశ్న. 1985ది దూరపు భూకంపం, పెద్దది. నెమ్మది ఊపులే నగరం దాకా వచ్చాయి. రెండు సెకన్ల నేల వాటికి దొరికింది. 2017ది దగ్గరది, దానికన్నా చిన్నది. సెకను లయలో ఊపులు బలంగా వచ్చాయి. పూడిక పలచబడే అంచున నేల లయ కూడా సుమారు సెకను. అందుకని అక్కడి నాలుగు నుంచి ఎనిమిది అంతస్తులవి దెబ్బతిన్నాయి. కూలినవాటిలో ఎక్కువ భాగం 1985కి ముందు నిబంధనల కింద కట్టినవి. ఇందులో పటం తప్పేమీ లేదు. ఎక్కడ పూడిక ఎంత లోతో, లయ ఎంతో పటంలో ఉంది. తప్పు ఏమిటంటే, పటాన్ని ఒకే రంగుల బొమ్మగా చదవడం. ఎరుపు చెడ్డ, పచ్చ మంచి అని. ఏ చోటూ దానంతటది చెడ్డది కాదు. ఏ ఎత్తు బిల్డింగుకి చెడ్డది అని అడగాలి. అందుకే ఒక పటం సరిపోదు. రెండంతస్తులకి ఒకటి, ఆరుకి ఒకటి, పన్నెండుకి ఒకటి ఉండాలి.

బాబాయి: ఒకటే వద్దంటుంటే మూడంటావు!

అమ్మాయి: కొలత ఒకటే, గీత మూడు.

బాబాయి: మరి మా కోడ్ ఎందుకు? ఐఎస్ 1893 చూసే కదా మేం డిజైన్ చేసేది. మట్టి అందులో ఉంది. రాయి, మధ్య రకం, మెత్తది. అడుగు దిగడానికి పట్టే సుత్తి దెబ్బల లెక్క, అంటే ఎన్ విలువ, 10 లోపుంటే మెత్తది, 30 పైనుంటే గట్టిది. సాయిల్ రిపోర్ట్ లేకుండా నేను పునాది తవ్వను.

అమ్మాయి: మీరు తవ్వరని తెలుసు. కానీ ఆ కోడ్‌లో మూడు గదులున్నాయి, అంతే. పొట్టి బిల్డింగుకి రాయి మీదైనా మెత్తటి మట్టి మీదైనా ఒకటే బలం వేస్తుంది. సెకను లయ ఉన్నదానికి, రాయి మీద 1 అయితే మధ్య మట్టికి 1.36, మెత్తదానికి 1.67. అంతకన్నా పెంచే వీలు ఆ గీతలో లేదు. లయ కలిసినప్పుడు నాలుగు, ఐదు రెట్లు పెరగడం లోకం చూసింది. దేశం మొత్తానికి సగటు వేసిన గీత అది, తప్పనను. కానీ మీ సైటు సగటు కాదు. ఒక లెక్క వేద్దాం, అంకెలు ఉదాహరణకే. వేగం సెకనుకు 180 మీటర్లున్న ఒండ్రు 30 మీటర్ల లోతు ఉందనుకోండి. నాలుగు ముప్పైలు 120, బై 180. సెకనులో మూడింట రెండు వంతులు. మీరు కట్టే స్టిల్ట్ ప్లస్ ఫైవ్ లయ ఎంత?

బాబాయి: ఆరు అంతస్తుల కింద లెక్క. పాయింట్ సిక్స్, పాయింట్ సిక్స్ ఫైవ్.

అమ్మాయి: అదీ. అలాంటి నేల ఈ ఊళ్లో ఎక్కడెక్కడ ఉందో మీకు తెలుసా?

బాబాయి: మేం పైల్స్ వేస్తాం కదా. కింద గట్టి పొర దాకా దింపుతాం. పైన మట్టి ఎలా ఊగితే నాకేం?

అమ్మాయి: పైల్ మోసేది బరువుని, కిందికి. ఊపు వచ్చేది అడ్డంగా. చుట్టూ మట్టి ఊగితే పైల్ కూడా దానితోపాటు వంగుతుంది, పైన బిల్డింగుని లాగుతుంది. మెక్సికోలో మట్టి ఒరిపిడి మీదే ఆధారపడిన పైల్స్ ఉన్న బిల్డింగులు కొన్ని ఒక్కసారిగా కుంగాయి. మీరు గట్టి పొర దాకా దింపుతారు కాబట్టి కుంగకపోవచ్చు. ఊగకుండా మాత్రం ఉండదు.

కాసేపు బాబాయి ఏమీ అనలేదు. తర్వాత అసలు మాట తీశాడు. ఇప్పటివరకు అన్నవి వాదం కోసం, ఇక్కణ్ణుంచి అన్నవి నమ్మకంతో అని నాకు అనిపించింది.

బాబాయి: నేనొకటి చెప్తాను విను. 2001 జనవరి 26, భుజ్. అహ్మదాబాద్ అక్కడికి రెండు వందల పాతిక కిలోమీటర్ల పైన. ఏడు వందల మందికి పైగా ఆ ఒక్క నగరంలోనే పోయారు. నేల కాదమ్మా వాళ్లని చంపింది. కింద పార్కింగ్‌కి ఖాళీ వదిలి, సన్నటి స్తంభాల మీద పైన ఐదు అంతస్తులు పెట్టారు. స్తంభానికీ దూలానికీ కలిసే చోట రింగులు లేవు. పైన నీళ్ల ట్యాంకులు. ఆ నగరంలో నమోదైన ఊపు గురుత్వాకర్షణలో 11 శాతం. సరిగ్గా కట్టిన బిల్డింగు దానికి పగులుతుంది, పడదు. నీ పటం కొనే డబ్బుతో సైట్ల దగ్గర పది మంది నిజాయితీగల సూపర్‌వైజర్లని పెట్టు. స్తంభాల్లో రింగులు ఆరు అంగుళాలకి కట్టారా నాలుగుకి కట్టారా చూస్తారు. బతికేది అక్కడ.

అమ్మాయి: ప్రతి మాటా ఒప్పుకుంటాను. కానీ అహ్మదాబాద్ నిండా అలాంటి స్టిల్టు బిల్డింగులే కదా. అన్నీ పడలేదు. పడినవాటిలో చాలా సబర్మతి పాత పాయల పూడిక దగ్గర ఉన్నాయని తర్వాత చూసినవాళ్లు రాశారు. కట్టుబడి అన్నిచోట్లా ఒకేలా బలహీనంగా ఉంటే, ఏవి పడాలో నిర్ణయించింది నేలే.

బాబాయి: ఆ బిల్డర్లు వేరు, ఈ బిల్డర్లు వేరు. ఒకే రకం కట్టుబడి అని నువ్వెలా చెప్తావు?

అమ్మాయి: అందుకే ఇంకొకటి చెప్తాను, కట్టినవాళ్లు ఒకరే. అమెరికాలో ఓక్లాండ్. సైప్రెస్ స్ట్రీట్ మీద రెండంతస్తుల ఫ్లైఓవర్. ఒకే డిజైను, ఒకే కాలంలో కట్టింది. 1989 అక్టోబర్ 17న వచ్చిన లోమా ప్రీటా భూకంపం 6.9. కేంద్రం అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరం, శాంటా క్రూజ్ కొండల్లో. పై రోడ్డు కింది రోడ్డు మీద పడి 42 మంది పోయారు. పడిన భాగం సముద్రపు ఖాతం బురద మీద ఉంది. దాని కొనసాగింపు గట్టి ఒండ్రు మీద ఉంది, అది నిలబడింది. తర్వాత వచ్చిన చిన్న చిన్న ప్రకంపనల్ని ఆ రెండు చోట్లా యంత్రాలు పెట్టి కొలిచారు. బురద మీద ఊపు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ ఫ్లైఓవర్ రీయిన్‌ఫోర్స్‌మెంట్ కూడా బలహీనమే, మీరన్న జబ్బే. జబ్బు మొత్తానికీ ఉంది. చచ్చింది బురద మీది భాగం.

ఈ ఉదాహరణ దగ్గర నేను ఆగిపోతాను. కట్టుబడా, నేలా అన్న తగువుకి ప్రయోగశాలలో కూడా ఇంత శుభ్రంగా పరీక్ష పెట్టలేం. ఒకే వంతెనను సగం ఇక్కడ, సగం అక్కడ నిలబెట్టి ఊపినట్టే జరిగింది. బాబాయి కోరే సూపర్‌వైజర్లూ కావాలి. ఆ పది మందిని ముందు ఏ పేటకి పంపాలో చెప్పడానికి పటమూ కావాలి.

బాబాయి: అయితే ఇవన్నీ కొలిచేదెలా? ఊరంతా వంద అడుగుల బోర్లు వేస్తారా?

అమ్మాయి: అన్ని చోట్లా అక్కర్లేదు. తెల్లవారుజామున, బస్సులు లేవకముందు స్కూలు గ్రౌండుకి వెళ్తాం. 24 జియోఫోన్‌లు వరసగా, మీటరు, రెండు మీటర్ల ఎడంలో మేకుల్లా గుచ్చుతాం. చివర ఇనప పలక పెట్టి ఎనిమిది కిలోల సమ్మెటతో కొడతాం. దెబ్బ ఒక్కొక్క జియోఫోన్‌కి ఎప్పుడు చేరిందో ల్యాప్‌టాప్‌లో గీతలొస్తాయి. గ్రౌండులో ఒక కుక్క నడిచినా ఆ గీతలో కనిపిస్తుంది, అది పోయిందాకా ఆగి మళ్లీ కొడతాం. దాన్నుంచి పైన 30 మీటర్ల దాకా తరంగ వేగం లెక్క తీస్తాం. 180 లోపా, 360 లోపా, 760 లోపా అని. ఇంకోటి ఉంది. టిఫిన్ క్యారియర్ అంత పెట్టె, నేల మీద అరగంట పెడితే చాలు. 1989లో జపాన్ రైల్వే పరిశోధకుడు నకమురా చెప్పిన పద్ధతి. నేలకి ఎప్పుడూ సన్న వణుకు ఉంటుంది, గాలికి, సముద్రానికి, లారీలకి. ఆ వణుకులో అడ్డం ఊపుని నిలువు ఊపుతో భాగిస్తే నేల లయ ఎక్కడుందో శిఖరంలా లేస్తుంది.

బాబాయి: లారీ పోతే వచ్చే వణుకు చూసి భూకంపంలో ఏమవుతుందో చెప్తారా? వెంట్రుకవాసి కదలికకీ, నేల చీలే ఊపుకీ మట్టి ఒకేలా ప్రవర్తిస్తుందా?

అమ్మాయి: ప్రవర్తించదు. గట్టిగా ఊపితే ఇసుక మెత్తబడుతుంది, లయ సాగుతుంది, కొంత శక్తి మట్టిలోనే వేడిగా పోతుంది. అందుకని బలమైన భూకంపంలో మన ఒండ్రు పెంచేది చిన్న వణుకులో పెంచినంత ఉండకపోవచ్చు. మెక్సికో బంకమట్టి వేరు, అది గట్టి ఊపుకి కూడా దాదాపు స్ప్రింగులాగే పనిచేసింది, అందుకే అంత నాశనం. కాబట్టి పెట్టె ఒక్కటే నమ్మి పటం గీసేవాణ్ణి మీరు నమ్మొద్దు. కొన్ని చోట్ల బోరు వెయ్యాలి, మట్టి కోర్ తీసి ల్యాబులో ఊపాలి, తర్వాత లెక్క కట్టాలి. పెట్టె చేసేది, ఆ బోర్ల మధ్య ఖాళీలు పూరించడం.

బాబాయి: దేశంలో ఎక్కడైనా చేశారా?

అమ్మాయి: 1997లో జబల్‌పూర్‌లో భూకంపం వచ్చాక అక్కడ చేశారు. ఢిల్లీకి 1:10,000 స్కేలులో ఉంది. అక్కడా మనలాగే, రిడ్జ్ మీద రాయి, యమున అవతల లోతైన పూడిక.

బాబాయి: చేసి? ఢిల్లీలో ఫ్లాట్ కొనేవాడు ఎవడైనా అది చూశాడా?

అమ్మాయి: చూసేవాళ్లు తక్కువే.

బాబాయి: ఇంకేం మరి. ఇక్కడ చూస్తారు, అదీ నా భయం. నువ్వు కృష్ణలంకకి ఎరుపు వేస్తావు. మర్నాటికి బ్యాంకు లోను ఇవ్వదు. వరదలకి గోడ కట్టే దాకా ప్రతి ఏడూ సామాను ఎత్తుకుని తిరిగినవాళ్లు వాళ్లు. వాళ్ల ఇంటి విలువ నీ రంగుతో సగమవుతుంది. కొండవార స్థలం ఉన్నవాడు ధర పెంచుకుంటాడు. ఊళ్లో మనుషుల్ని రంగులు వేసి విడదీయడం ఇంజనీరింగా?

అమ్మాయి: అందుకే ఒక్క రంగు పటం వద్దన్నాను. లంకలో ఎక్కువ ఇళ్లు ఒకటీ రెండు అంతస్తులవి. వాటి లయ సెకనులో ఐదో వంతు దాటదు. లోతైన ఒండ్రు పెంచే ఊపు వాటికి తగిలేది తక్కువ. అదే చోట పది అంతస్తుల టవరు కట్టేవాడికి తగులుతుంది. ఎత్తుకొక పటం వేస్తే ఎరుపు వచ్చేది పేదవాడి ఇంటి మీద కాదు, టవరు మీద.

బాబాయి: మరి ఇసుక? నది పక్క వదులు ఇసుక, పైపైనే నీళ్లు. అది ఊపుకి పట్టు వదిలేస్తే చిన్న ఇల్లు కుంగదా?

అమ్మాయి: కుంగుతుంది. 1964లో జపాన్‌లో నీగాటాలో అపార్ట్‌మెంట్లు గోడలు పగలకుండానే పక్కకి ఒరిగి పడుకున్నాయి, మట్టి నీళ్లలా అయిపోయి. అంతటి ఊపు మనకి రావడం అరుదు, కానీ దాచను. ఇసుక పటం విడిగా వెయ్యాలి. అందులో లంకకి ఎరుపు రావచ్చు. వస్తే అది ప్రభుత్వం పని, నేల గట్టిపరచడానికీ, ఇళ్లకి పునాది దూలాలు కట్టించడానికీ డబ్బు ముందు అక్కడ పెట్టాలి. తెలియకుండా ఉంచితే ఆ డబ్బు ఎప్పటికీ రాదు.

బాబాయి: డబ్బు రాదు, ధర మాత్రం పడిపోతుంది. నేను చూసిన ప్రభుత్వం అది.

అమ్మాయి: తమ్ముడు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఇల్లు కొన్నప్పుడు సంతకం పెట్టిన కాగితాల కట్టలో ఒక కాగితం ఉంది, మీకు చూపించాడా? ప్రకృతి ప్రమాదాల ప్రకటన. ఇల్లు ఇసుక కరిగే మండలంలో ఉందా, భూకంప పగులు మీద ఉందా అని అమ్మేవాడు రాసిచ్చి తీరాలి. ఇసుక కరిగే మండలాల కోసం అక్కడ 1990లో చట్టం చేశారు, లోమా ప్రీటా అయిన మరుసటి ఏడాది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1906 భూకంపం తర్వాతే, ఏ వీధి ఎంత ఊగిందో వుడ్ అనే ఆయన పటం గీశాడు, 1908 నివేదికలో అచ్చయింది. పూడ్చిన నేలలు అందులో గట్టిగా ఊగిన చోట్లుగా కనిపిస్తాయి. అది ఉండగానే 1915 ఎగ్జిబిషన్ కోసం మరీనా దగ్గర నీళ్లు పూడ్చారు, తర్వాత ఇళ్లు కట్టారు. 1989లో అక్కడే ఇళ్లు ఒరిగాయి. నేలలోంచి ఇసుకతోపాటు 1906లో కాలిన సామాను ముక్కలు పైకి ఉబికాయి. ఎనభై ఏళ్లు పటం పుస్తకంలో ఉంది, కొనేవాడి చేతిలో లేదు. ఆ తేడా కోసమే చట్టం వచ్చింది. మరి ఫ్రీమాంట్‌లో ధర పడిపోయిందా బాబాయ్?

బాబాయి: పడిపోతే వాడు అప్పు ఇన్నేళ్లు కట్టడు. కానీ అక్కడ ఆ కాగితం చూసినవాడికి ఇంజనీరు దొరుకుతాడు, ఇన్సూరెన్స్ దొరుకుతుంది. ఇక్కడ కాగితం మాత్రమే దొరుకుతుంది.

ఈ మాటకి ఆమె దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. పటం బయట పెట్టే రోజునే, దానితో ఏం చేయాలో చెప్పే మనిషి మున్సిపల్ ఆఫీసులో కుర్చీలో ఉండాలి. లేకపోతే బాబాయి భయపడినట్టే అవుతుంది. పటం ఆపాలన్నది మాత్రం దీనికి విరుగుడు కాదు. ఆమె మాట మార్చలేదు, దగ్గరికి తెచ్చింది.

అమ్మాయి: మీ దగ్గర ఎన్ని సాయిల్ రిపోర్టులున్నాయి?

బాబాయి: ఎందుకు? బీరువా నిండా ఉన్నాయి. కట్టిన ప్రతిదానికీ రెండేసి, మూడేసి బోర్లు.

అమ్మాయి: పటానికయ్యే డబ్బు మాట ఎత్తారు కదా. ఈ ఊళ్లో అపార్ట్‌మెంట్లు కట్టినవాళ్ల బీరువాల్లో వేల బోర్ లాగ్‌లు పడున్నాయి. అరవై మూడున్నర కిలోల సుత్తిని డెబ్బై ఐదు సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, అడుగు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టిందో, ఏ లోతులో మట్టి మారిందో, నీళ్లు ఎక్కడ తగిలాయో అన్నీ అందులో ఉన్నాయి. ఆ డబ్బు ఎప్పుడో ఖర్చయిపోయింది. మీవి ఇవ్వండి.

బాబాయి: ఇస్తే నీ పటం పాడవుతుంది. నా చేతికొచ్చినవాటిలో కొన్ని బోరు వెయ్యకుండా రాసినవి. పక్క సైటు రిపోర్టు తీసి పేరు మార్చి ఇచ్చారు. నాకు తర్వాత తెలిసింది. పునాది తవ్వుతుంటే కాగితంలో ఇసుక ఉండాల్సిన చోట బంకమట్టి తగిలింది.

అమ్మాయి: అవి దొరికిపోతాయి. జూన్‌లో వేసిన బోరుకీ నవంబర్‌లో వేసిన బోరుకీ నీటిమట్టం ఒకే సెంటీమీటరు దగ్గర ఉంటే అది కాపీ. దెబ్బల అంకెలు ఒకే వరసలో ఉంటే అది కాపీ. అలాంటివి పక్కన పెడతాం. మీరు దగ్గర నిలబడి వేయించినవి వేరుగా ఇవ్వండి, తవ్వినప్పుడు కాగితంతో సరిపోయినవి. వాటి మీద నాకు ఎక్కువ నమ్మకం.

బాబాయి: పేర్లు ఉండకూడదు.

అమ్మాయి: అక్కర్లేదు. చోటు కావాలి. సర్వే నంబరు చాలు.

బాబాయి: సర్వే నంబరు ఇస్తే పేరు ఇచ్చినట్టే కదమ్మా.

అమ్మాయి: వంద మీటర్ల గడిలో వేస్తాను. ఏ బిల్డింగో తెలీదు.

బాబాయి: ఆ గడిలో నాది ఒక్కటే ఉంటే?

అమ్మాయి: అప్పుడు గడి పెంచుతాను. కానీ 250 మీటర్లు దాటనివ్వను, దాటితే కొండా లంకా ఒకే గడిలో పడతాయి.

బాబాయి: సరే, సోమవారం ఆఫీసుకి రా, నిలబడి వేయించినవి ముందు తీసి పెడతాను. ఎత్తుకొక పటం అన్నావు కదా, ఆరంతస్తులది ముందు వెయ్యి. ఈ ఊళ్లో ఇప్పుడు కడుతున్నవి అవే.